మూఢంలో పూర్తయిన బండి

ఆ బండిని మేము మొదట నేల మీద గీశాం. దోహాలో, అల్ హిలాల్‌లో మేముండే విల్లాకి పక్కగా రేకుల కప్పుతో ఒక కారు షెడ్డు ఉంది. అమ్మాయీ అల్లుడూ తమ కారు వీధిలోనే పెట్టుకుంటామన్నారు కనుక షెడ్డు మాకు దక్కింది. మా బావమరిది ఒక శుక్రవారం పొద్దున్నే వచ్చి నేల కడిగాడు. అది ఆరాక నూలుతాడుకి సుద్దపొడి పట్టించి, ఒక కొస నన్ను పట్టుకోమని, రెండో కొస తను పట్టుకుని, మధ్యలో ఎత్తి వదిలాడు. నేల మీద తెల్లటి గీత పడింది.

"ఇది మధ్యగీత బావా. ఇంక బండి ఇక్కడ ఉన్నట్టే. దీనికి ఇనుము తొడగడమే మిగిలింది" అన్నాడు.

నేను మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. పైపులు ఎక్కడ పలచబడుతున్నాయి, వెల్డింగులో ఎక్కడ పగులుంది అని వెతకడమే నా ఉద్యోగం. రిటైరయ్యాక అమ్మాయి వీసా మీద నేనూ మా ఆవిడా ఇక్కడే ఉండిపోయాం. ఉద్యోగంలో చేరిన నాటినుంచి డైరీ రాస్తున్నాను. గొప్ప విషయాలేమీ ఉండవు. వాతావరణం, చేసిన పని, తిన్న కూర. మధ్యగీత పడిన రోజు పేజీలో "షెడ్డు నేల రెండు వైపులా పల్లం. సన్న రేకుముక్కలతో సరిచేయాలి. దోసకాయ పప్పు" అని ఉంది.

మా బావమరిది రాస్ లఫాన్‌లో మెకానికల్ టెక్నీషియన్. పంపులు, కంప్రెసర్లు విప్పి బిగించే పని. అల్ ఖోర్‌లో కంపెనీ ఇచ్చిన గదిలో ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, షిఫ్టు డ్యూటీ వాడికి పిల్లనెవరిస్తారనేవాడు. జనరల్ షిఫ్టుకి మారాక అడిగితే, ఇప్పుడు అలవాటు తప్పిపోయిందనేవాడు. ఆఫ్ దొరికితే చాలు, మా ఇంట్లో ఉండేవాడు. మా ఆవిడకి వాడు తమ్ముడే కానీ, వాళ్ళమ్మ తొందరగా పోవడంతో అన్నం కలిపి పెట్టి పెంచింది ఈవిడే. మా పెళ్ళికి వాడు లాగూల్లో ఉన్నాడు. అప్పగింతలప్పుడు అక్కతో పాటు తనూ వచ్చేస్తానని కారెక్కి కూర్చుంటే, దించడానికి నలుగురు కావలసి వచ్చింది.

ఈ బండి పిచ్చి వాడికి ఎక్కడ పట్టుకుందో చెప్పాలి. చాలాకాలం కిందట మా ఫ్యాక్టరీలో ఒక అమెరికన్ ఇంజనీరు ఉండేవాడు. ఆయన దగ్గర తన తండ్రి కట్టిన ఒక పాత బండి ఫోటో ఉండేది. పైన కప్పు లేదు, చక్రాల మీద మడ్‌గార్డులు లేవు, ఇంజను మీద మూత లేదు. ముందు చక్రాలు చిన్నవి, వెనకవి పెద్దవి. దాన్ని హాట్ రాడ్ రోడ్‌స్టర్ అంటారట. వెనకటి రోజుల్లో అక్కడి కుర్రాళ్ళు తుక్కు కార్లలోంచి అక్కర్లేనిదంతా పీకేసి, పెద్ద ఇంజను పెట్టుకుని తోలుకునేవాళ్ళట. సంప్రదాయంగా కట్టాలంటే ఎలక్ట్రానిక్ సామాను ఒక్కటీ ఉండకూడదు. కార్బురేటరు, డ్రమ్ము బ్రేకులు, ముందు ఒకే ఇరుసు, దాని మీద అడ్డంగా కమాను పట్టీ. అప్పుడే ఖతార్ వచ్చిన మా బావమరిది నాతో ఒకసారి మెసయీద్ వచ్చి ఆ ఫోటో చూశాడు. నా ఉద్యోగం అయిపోయేదాకా అది మనసులోనే పెట్టుకున్నాడు. నేను రిటైరయిన రోజు భోజనాల దగ్గర చెప్పాడు.

"బావా, నీకు ఇంక తనిఖీ చెయ్యడానికేం లేదు. నా పని తనిఖీ చేద్దువుగాని."

అలా మొదలైంది. ఎండాకాలం ఆ రేకుల కింద తెల్లవారుజామున తప్ప నిలబడలేం. ఇల్లుగలాయన నమాజు వేళల్లో సుత్తి చప్పుడు వద్దన్నాడు. మిగిలిన వేళల్లో, వాడి ఆఫ్ రోజుల్లో, చేసినంత. రెండు శీతాకాలాలు దాటింది.

మొదట చాసీ. దీర్ఘచతురస్రపు ఇనుప గొట్టాలు కోసి సుద్దగీతల మీద పేర్చాం. వెల్డింగ్ వాడిది, కొలత నాది. ఒక చోట అంటించగానే ఇనుము వేడికి తన వైపు లాక్కుంటుంది. ఎడమ మూలనుంచి కుడి మూలకి, కుడి మూలనుంచి ఎడమ మూలకి టేపు పట్టి చూడాలి. రెండు కర్ణాలూ సమానంగా లేకపోతే బండి జీవితాంతం పక్కకి లాగుతుంది. వాడు ఒక చుక్క అంటించేవాడు, నేను టేపు పట్టేవాడిని. మరో చుక్క, మళ్ళీ టేపు.

"అక్కా, ఈయన్ని లోపలికి పిలుచుకో. గుడి కడుతున్నాననుకుంటున్నాడు" అని వాడు కేక పెట్టేవాడు.

"గుడికైనా అన్ని కొలతలు చూడర్రా" అనేది మా ఆవిడ వంటింట్లోంచి. వంటింటి వెనక తలుపు సరిగ్గా షెడ్డులోకే తెరుచుకుంటుంది. ఆవిడ బట్టలారేసే తాడు కూడా షెడ్డు కొసనే. కాబట్టి మేము చేసిన ప్రతిదీ ఆవిడ చూస్తూనే ఉండేది. బాగుందని ఒక్కసారీ అనలేదు. ఆవిడ చదువుకున్నది హోమ్ సైన్సు. మమ్మల్ని చిన్న క్లాసు పిల్లల్ని చూసినట్టు చూసేది.

ఇంజను ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక తుక్కు దుకాణంలో దొరికింది. ప్రమాదంలో దెబ్బతిన్న పాత అమెరికన్ పికప్‌ది, ఎనిమిది సిలిండర్లది. గొలుసు కప్పీతో షెడ్డులో వేలాడదీసి, పూర్తిగా విప్పి, ఒక్కో ముక్క కిరసనాయిలుతో కడిగాం. స్టీరింగు పెట్టె ఒక పాత జీపుది. ముందు ఇరుసు ఎక్కడా దొరక్క వాడే చేశాడు. నేను దాని వెల్డింగులకి ఎర్రరంగు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లి పగుళ్ళు వెతికాను. ఒక చోట వెంట్రుకంత గీత కనిపించింది. చూపిస్తే, "నా మీద పగ తీర్చుకుంటున్నావ్ బావా, మీ పెళ్ళిలో కారెక్కి కూర్చున్నందుకు" అని, మళ్ళీ మొత్తం కోసి అంటించాడు.

బండి ఒళ్ళు, అంటే పైరేకు, మాత్రం చేత్తో కొట్టిందే. ఇసుక నింపిన సంచి మీద రేకు పెట్టి చెక్కసుత్తితో కొడుతూ పోతే కొద్దికొద్దిగా గిన్నెలా వంగుతుంది. సంచి మా ఆవిడ కుట్టిచ్చింది, పాత జీన్ ప్యాంట్లతో. ఇసుకకేం, ఊరు దాటితే చాలు. కానీ అందులో రాళ్ళుంటే రేకు మీద సొట్టలు పడతాయి. వాడు వంటింట్లో జల్లెడ తీసుకుపోయి ఇసుకంతా జల్లించాడు. సాయంత్రం ఆవిడ పిండి జల్లిస్తే పళ్ళకింద కరకరలాడే చపాతీలు వచ్చాయి. అల్లుడు రెండు ముక్కలు తిని, ఆకలి లేదని లేచిపోయాడు. వాడు మాత్రం నాలుగు తిన్నాడు. "మన ఎడారే కదక్కా, అరిగిపోద్ది" అన్నాడు. ఆవిడ జల్లెడ పెట్టి వాడి నెత్తి మీద కొట్టింది.

బండిలో ఇద్దరికే చోటు. సీటు వెడల్పు ఎంతుండాలని నేను అడిగితే వాడు లోపలికెళ్ళి అక్కని కుర్చీలో కూర్చోబెట్టి కొలత తీసుకొచ్చాడు. అప్పుడు తెలిసింది నాకు, ఈ బండి ఎవరిని ఎక్కించుకోవడానికో. ఫోటోలో బండి చూసి మోజుపడ్డది నిజమే. కానీ మొదటిసారి తోలినప్పుడు పక్కన అక్క ఉండాలి. వాడి లెక్క అది. చిన్నప్పుడు తణుకులో వాడిని సైకిలు వెనక ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళింది ఆవిడేనట. "ఇప్పటిదాకా అక్కని నేను ఎక్కడికీ తీసుకెళ్ళలేదు బావా. విమానం టిక్కెట్టు కూడా నువ్వే కొన్నావు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

బండికి తలుపులు లేవు. పక్కనుంచి ఎక్కి లోపలికి దిగాలి. చీరతో ఎలా ఎక్కుతానని ఆవిడ అడిగితే, కాలు పెట్టుకోవడానికి ఒక ఇనుప అడుగు చేసి పక్కన అంటించాడు. సీటు తొడుగు ఆవిడే కుట్టింది. మందం రెక్సిన్, నిలువు మడతలు. మిషను సూదులు విరుగుతుంటే తిట్టుకుంటూ కుట్టింది. రంగు దగ్గర పేచీ వచ్చింది. వాడికి నలుపు కావాలి, ఆవిడకి మామిడిపండు రంగు. తేలేదాకా తుప్పు పట్టకుండా ఉండనీ అని నేను రెడ్ ఆక్సైడ్ కొట్టాను. అదే ఉండిపోయింది.

ఇంట్లో కట్టిన బండికి నంబరు రాదని, రోడ్డెక్కించలేమని మొదట్లోనే తెలుసు. అందుకు దారి కూడా చూసి పెట్టుకున్నాం. మా పాత మేనేజరు ఖతారీ ఆయన. అల్ ఖోర్ దాటాక ఆయనకో మజ్రా ఉంది, అంటే తోట. ఖర్జూరం చెట్లు, గొర్రెలు, గాజు పందిళ్ళలో టమాటాలు. తోట మధ్యనుంచి గోడ దాకా తిన్నగా కంకర రోడ్డు. ఎప్పుడైనా తెచ్చి తోలుకోండి అన్నాడు. బండ్లు మోసుకుపోయే రికవరీ ట్రక్కు మాట్లాడుకుని, దాని మీద ఎక్కించి తీసుకుపోవడమే.

బండి పూర్తయ్యేసరికి శుక్రమూఢం మొదలైంది.

శుక్రుడు సూర్యుడికి దగ్గరగా వెళ్ళి కనపడకుండా పోయే రోజులవి. పెళ్ళిళ్ళు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు, కొత్త బండ్లు బయటికి తియ్యరు. మా ఆవిడకి తణుకునుంచి ఏటేటా పంచాంగం వస్తుంది. అందులో వేళలు చూసి, రెండున్నర గంటలు తీసేసి, ఖతార్ టైము పెన్సిలుతో పక్కన రాసుకునేది. నాకు వీటి మీద నమ్మకం లేదు. అయినా మా కాపురంలో ఏ పనీ ఆవిడ చూడకుండా మొదలుపెట్టలేదు. మూఢం వెళ్ళేదాకా బండి కదపడానికి వీల్లేదని ఆవిడ చెప్పేసింది. ట్రక్కు వాడికి నేనే ఫోను చేసి వద్దన్నాను.

వాడు ఊరుకోలేదు. "శుక్రుడు కూడా ఖతార్‌కి రెండున్నర గంటలు లేటుగా వస్తాడా అక్కా?" అన్నాడు. పికప్ ఇంజను, జీపు స్టీరింగు, ఎప్పుడో రోడ్డెక్కిన సామానే కదా, దీనికి కొత్త మూఢమేంటన్నాడు. ఆవిడ వినలేదు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. ఇంజను తిప్పుకోవచ్చు. బండి మాత్రం నేల మీద ఒక్క అంగుళం కదలకూడదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వాడు బండిని నాలుగు వైపులా స్టాండ్ల మీదికి ఎత్తాడు. చక్రాలు నేలకి జానెడు ఎత్తున గాల్లో నిలిచాయి. స్టార్టు చేశాడు. రేకుల కప్పు మొత్తం దడదడలాడింది. పక్క వాటాలో ఉండే కేరళ నర్సు బయటికొచ్చి చూసి, చెవులు మూసుకుని లోపలికెళ్ళిపోయింది. వాడు గేరు వేశాడు. వెనక చక్రాలు గాల్లో తిరగడం మొదలుపెట్టాయి. చేతులు స్టీరింగు మీద పెట్టి, నిజంగా రోడ్డు మీద వెళుతున్నట్టే, వంపు వస్తే ఒళ్ళు పక్కకి వాల్చి, గేదె అడ్డొస్తే బ్రేకు వేసి, తోలుతున్నాడు.

"తాడేపల్లిగూడెం దాటాం బావా. ఇదిగో పెంటపాడు. జామకాయలు తీసుకోనా?"

మా ఆవిడ వెనక తలుపు దగ్గర నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆవిడ అంతలా నవ్వడం నేను చాలాకాలానికి చూశాను.

"రా అక్కా, వచ్చి కూర్చో" అని వాడు పక్క సీటు మీద చేత్తో కొట్టాడు. "బండి కదలదుగా. నీ ఒప్పందం ప్రకారమే."

"ఇప్పుడు కాదురా. మూఢం వెళ్ళాక కూర్చుంటాను."

"కదలని దానికి మూఢమేంటే, రా."

"వెళ్ళాక అన్నానా. ముందా మోత ఆపు, చెవులు పగిలిపోతున్నాయి."

వాడు ఇంకాసేపు ఒక్కడే తోలి, తణుకు వచ్చేసిందని చెప్పి, ఆపాడు. సాయంత్రం టీ తాగి అల్ ఖోర్ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాడు మా ఇంటికి రాలేదు.

వాడి గదిలో ఉండేది నిజామాబాద్ వైపు మనిషి. ఆ వారంలోనే ఒకరోజు పొద్దున్నే ఫోను చేశాడు. "సార్, మీ బామ్మర్ది డ్యూటీ బస్సు కాడ కూలబడిండు. దవాఖానకు తీస్కపోయిన్రు. మీరు జర జల్ది రాండ్రి" అన్నాడు. నేను ఎలా ఉన్నాడని అడిగాను. అతను "రాండ్రి సార్" అని మాత్రమే అన్నాడు. వంటింట్లోకి వెళ్ళాను. నేనేమీ చెప్పకముందే మా ఆవిడ నా మొహం చూసి స్టవ్ ఆపేసింది. దారి పొడుగునా అల్లుడు కారు తోలుతుంటే ఆవిడ ముందు సీటులో కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా రోడ్డునే చూస్తూ ఉంది. మేము వెళ్ళేసరికి అయిపోయింది. గుండె అన్నారు.

వాడిని తణుకు తీసుకెళ్ళాం. ఇక్కడ కాగితాల పని కంపెనీ వాళ్ళు దగ్గరుండి చేయించారు, వాళ్ళని ఒక్క మాట అనడానికి లేదు. వాడికి పిల్లల్లేరు కనుక వాళ్ళ చిన్నాన్న కొడుకు నిప్పు పట్టాడు. పురోహితుడు మా ఆవిడకి మూడు రోజులే మైల అని చెప్పాడు. పెళ్ళయి ఇంకో ఇంటి పేరు తెచ్చుకున్నది కనుక ఆవిడకి అంతే. చిన్నాన్న కొడుకు, వాడితో ఏడాదికి ఒకసారి కూడా మాట్లాడనివాడు, పదకొండు రోజులు మైల పట్టాడు. మూడో రోజు స్నానం చేయించి, ఇంక నువ్వు పూజా గదిలోకి వెళ్ళొచ్చమ్మా అన్నారు. ఆవిడ వెళ్ళలేదు. అలా అన్న పెద్దావిడ ముఖం చూసి, "మూడు రోజులేనా" అంది.

ఖతార్ తిరిగొచ్చాక నాతో చెప్పింది. మంచం మీద కూర్చుని దిండుగలీబులు మారుస్తూ చెప్పింది.

"కూర్చోమన్నాడండీ. కదలదుగా అన్నాడు."

నా ఉద్యోగమంతా ఏది ఎందుకు విరిగిందో రిపోర్టులు రాయడమే. నాకు తెలిసింది నేను చెప్పాను. శుక్రుడికీ గుండెలో రక్తనాళానికీ సంబంధం లేదు, ఎప్పటినుంచో లోపల పూడుకుపోతూ ఉండి ఉంటుంది, నువ్వు ఆపినా ఆపకపోయినా అది జరిగేదే అన్నాను. నెమ్మదిగా, విడమరచి చెప్పాను.

ఆవిడ అంతా విని, "నాకు తెలుసు" అంది. "గుండె ఆగిపోయినదానికి నేనేం చేస్తాను. రమ్మంటే వెళ్ళి కూర్చోలేదు. అదీ."

నేను దిండుగలీబు రెండో కొస పట్టుకున్నాను.

బండి స్టాండ్ల మీదే ఉంది. నేను దాని మీద దుప్పటి కప్పాను. ఆవిడ బట్టలు మేడ మీద ఆరేయడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పులు, అయినా తడిబట్టల బకెట్టు మోసుకుని మెట్లెక్కేది. వంటింటి వెనక తలుపు తెరిచేది కాదు. పోపు పొగ ఇల్లంతా కమ్ముకుంటున్నా తెరిచేది కాదు. అమ్మాయి నాతో రహస్యంగా, ఆ బండి ఎవరికైనా ఇచ్చేయండి నాన్నా, అమ్మ చూడలేకపోతోంది అంది. నేను సరేనన్నాను. కానీ ఎవరికి ఇవ్వడానికీ చెయ్యి రాలేదు. తీసుకునేవాడు దాన్ని నల్లగా రంగేస్తాడో, మడ్‌గార్డులు పెడతాడో. ఒక్కసారైనా అది నేల మీద నడవకుండా పంపడం నావల్ల కాదనిపించింది.

మూఢం వెళ్ళిపోయింది. మాకు తెలిసినవాళ్ళ ఇళ్ళనుంచి పెళ్ళి కబుర్లు, గృహప్రవేశం కబుర్లు ఫోన్లలో రావడం మొదలైంది. ఆవిడ అందరికీ సంతోషమనే చెప్పేది. నేనొక రోజు ధైర్యం చేసి అడిగాను. బండిని మజ్రాకి తీసుకెళదామనుకుంటున్నాను, నువ్వు వస్తావా అని. వద్దంటుందనుకున్నాను. వస్తానంది. మంచి రోజు ఏదో చూడమన్నాను.

"మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే" అంది.

ట్రక్కు ముందు వెళ్ళింది. అల్లుడి కారులో మేము వెనక వెళ్ళాం. ట్రక్కు మీద గొలుసులతో కట్టిన బండి, మా ముందు, ఆ ఎర్రటి వెనక భాగం, కప్పు లేని రెండు సీట్లు, దారంతా కనిపిస్తూనే ఉన్నాయి. మజ్రా గేటు దగ్గర మా పాత మేనేజరు ఎదురొచ్చి నా రెండు భుజాలూ పట్టుకుని, దేవుడు అతని మీద దయ చూపాలని అరబ్బీలో అన్నాడు. బండిని కిందికి దింపించి, ఇంజనీరుకి అరబ్బీ మాటతో నన్ను ఎప్పటిలాగే పిలుస్తూ, "యల్లా ముహందిస్, రోడ్డంతా నీదే" అని, పనివాళ్ళని కూడా అటు రావద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

పూజ సామాను నేనే తెచ్చాను. ఆవిడ తెస్తుందేమోనని ముందురోజు దాకా చూసి, తేదని అర్థమయ్యాక, నేనే కొనుక్కొచ్చాను. కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, కర్పూరం. పొద్దున బట్టల మధ్య దాచి కారులో పెట్టాను. మా పెళ్ళయ్యాక ఏ పూజకీ నేను చెయ్యి పెట్టి ఎరగను. కూర్చోమంటే కూర్చోవడం, లెమ్మంటే లేవడం. ఇప్పుడు రేడియేటరు మీద ముందు కుంకుమ బొట్టు పెట్టి, తర్వాత పసుపు రాశాను. తప్పని నాకు తెలుసు. ఆవిడ ముందు సీటులో, తలుపు తీసి ఉన్న కారులో, నన్నే చూస్తోంది. పసుపు ముందండీ అంటుందని చూశాను. కొబ్బరికాయ రెండు దెబ్బలకీ పగలలేదు. అల్లుడు కూడా ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కారులోంచి దిగలేదు. గాలికి కర్పూరం రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి అల్లుడు చేతులు అడ్డం పెట్టాడు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నేను బండెక్కాను.

నిమ్మకాయలు నలిగిన చప్పుడు ఇంజను మోతలో వినపడలేదు. బండి కదిలింది. కడుతున్నప్పుడు వాడు ఊరిస్తూ చెప్పిన మాటలన్నీ నిజమే. కప్పు లేకపోతే గాలి ముఖానికి కాదు, గుండెకి కొడుతుంది. ఇంజను వేడి కాళ్ళ మీదికి వస్తుంది. స్టీరింగులో ప్రతి గులకరాయీ చేతికి తెలుస్తుంది. కొంత వేగం దాటగానే ముందు చక్రాలు ఊగాయి. ఇరుసు వాలు కాస్త సరిచేయాలి. రోడ్డెక్కాక చూసుకుందాంలే బావా అని వాడు వదిలేసిన పని అది. నేను వేగం తగ్గించాను. బండి పక్కకి లాగలేదు. చేతులు వదిలినా తిన్నగా వెళ్ళింది. గోడ దగ్గర తిప్పుకుని వెనక్కి వస్తుంటే ఖర్జూరం చెట్ల నీడలు ఖాళీ సీటు మీదనుంచి ఒకదాని వెనక ఒకటి జారిపోయాయి.

ఆవిడ కారు దిగి రోడ్డు పక్కన నిలబడి ఉంది. నేను సరిగ్గా ఆవిడ ముందు ఆపాను. ఇంజను ఆపలేదు. చెయ్యి చాపాను. రా, ఒక్కసారి ఆ గోడ దాకా వెళ్ళొద్దాం అన్నాను. ఎక్కితే కొంచెం తేలికపడుతుందేమోనని నా ఆశ. రాత్రంతా ఆలోచించుకున్న మాటలు, వాడి కోసం ఎక్కమని, వాడికి ఇదే కావాలని, అవి కూడా చెప్పాను.

ఆవిడ నా చెయ్యి వైపు చూసింది. తర్వాత సీటు వైపు చూసింది. తను కుట్టిన మడతల మీద దుమ్ము పడింది. వంగి కొంగుతో దాన్ని తుడిచింది, ఆ చివరినుంచి ఈ చివరి దాకా.

"వాడు పిలిస్తే ఎక్కలేదు. మీరు పిలిస్తే ఎక్కనా?" అంది.

కోపంగా అనలేదు. నన్ను తప్పుపట్టినట్టు కూడా కాదు. నేను తాళం తిప్పి ఇంజను ఆపేశాను. అంత మోత తర్వాత, దూరంగా గొర్రెల అరుపులు వినిపించాయి. ఆవిడ వెళ్ళి కారులో కూర్చుంది. బండిని ఇంటికి తీసుకురావద్దని అల్లుడితో చెప్పించింది. నేను దాన్ని అక్కడే, గడ్డిమోపులు పెట్టే షెడ్డులో వదిలేసి వచ్చాను. మేనేజరు అప్పుడప్పుడూ ఫోను చేసి, బండి క్షేమమే ముహందిస్, పిచ్చుకలు గూడు పెట్టబోతే తోలేశామని చెబుతుంటాడు. నేను మళ్ళీ వెళ్ళలేదు.

ఉగాదికి తణుకునుంచి పంచాంగం వచ్చింది. ఫ్రిజ్ మీద ప్లాస్టిక్ కవరులోనే ఉంది. వేసవి మొదట్లో అమ్మాయి వాళ్ళు ఇల్లు మారాల్సి వచ్చింది, ఆఫీసుకి దగ్గరని. సామాన్లన్నీ అట్టపెట్టెల్లో సర్దేశాక నాకెందుకో అనుమానం వచ్చి, కవరు చింపి చూశాను. అచ్చు చిన్నది, కళ్ళద్దాలతో కూడా కష్టమే. ఈసారి గురుమూఢం. మేము ఇల్లు మారే రోజు సరిగ్గా అందులో పడింది. వేళ చూస్తే, రెండున్నర గంటలు తీసేస్తే, రాహుకాలం కూడా.

వెళ్ళి ఆవిడతో చెప్పాను. ఇంకో వారం ఆగుదామా, అల్లుడితో నేను మాట్లాడతాను అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎన్నో ఏళ్ళు ఆవిడ నన్ను ఇలాగే ఆపింది. నేను గొణుక్కుంటూనే ఆగాను. ఆ రోజు ఆవిడ నన్ను మళ్ళీ ఒక్కసారి ఆపితే బాగుండుననిపించింది. ఈవిడ ఆపితే ఆగే మనిషిని నేను. ఆపకపోతే ఎటు వెళ్ళాలో నాకు తెలియదు.

"సామానంతా సర్దేశాం కదండీ. వెళదాం పదండి" అంది.

వెళ్ళాం. కొత్త వంటింట్లో అమ్మాయి స్టవ్ వెలిగించి, కొత్త గిన్నె, పాలపొట్లం తల్లి ముందు పెట్టింది. కొత్త ఇంట్లో మొదట పాలు పొంగించేది ఎప్పుడూ ఆవిడే. మా ఆవిడ పాలు గిన్నెలో పోసింది. పొంగు అంచు దాకా వస్తుంటే, అమ్మాయి నా వైపు చూస్తుండగానే, మంట తగ్గించేసింది. టీపొడి ఎక్కడ పెట్టారని అడిగి, అందులోనే వేసి, సామాను దింపే కుర్రాళ్ళకీ మాకూ గ్లాసుల్లో పోసి ఇచ్చింది. చక్కెర సరిపోయిందా అని అడిగింది.

సరిపోయిందన్నాను. అట్టపెట్టె మీద కూర్చుని తాగాను.